మకువేని కౌంటీ (కెన్యా): సగటు వాన చూసి అంచనా వేయకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పనులు చేసిన అనుభవం ఉంది. కెన్యాలోని మకువేని కౌంటీలో, వోటే ఊరు కేంద్రంగా రెండేళ్ళ ఉద్యోగం వచ్చింది. అక్కడ ఏడాదికి ఆరువందల మిల్లీమీటర్ల వాన పడుతుందని చదివారు. అది మనకంటే నయమే కదా, మరి కరువెందుకు, జనం దేనిమీద బతుకుతారు, వెళ్ళగానే ఏం చూసుకోవాలి అని అడిగారు.

ముందు ఆ ఆరువందల లెక్కను పక్కన పెట్టండి. మకువేనిలో ఎంత ఎత్తున ఉన్నారన్నదాన్ని బట్టి వాన మారిపోతుంది. కౌంటీ విస్తీర్ణం ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. ఉత్తరాన మ్బూని, కిలుంగు కొండలు సుమారు 1900 మీటర్ల ఎత్తుకు లేస్తాయి. అక్కడినుంచి నేల దక్షిణానికి జారుతూ పోయి సావో అడవుల దగ్గర 600 మీటర్లకు దిగుతుంది. కొండల మీద 800–900 మిల్లీమీటర్లు పడితే, దిగువన 300–400 పడటమే గొప్ప. పైన కాఫీ, అవకాడో, పాడి. మధ్యలో వోటే చుట్టూ మామిడి, నారింజ, కందులు. కింద కిబ్వేజి, మ్టిటో ఆండేయి వైపు పెసలు, అలసందలు, మేకలు, తేనెపెట్టెలు. మీ పని ఏ ఎత్తులో అన్నది ముందే కనుక్కోండి. ఒకే కౌంటీ పేరుమీద మూడు వేర్వేరు ఉద్యోగాలు ఉండొచ్చు.

రెండో సంగతి, ఆ వాన రెండు ముక్కలుగా పడుతుంది. మార్చి నుంచి మే వరకు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇంకొకటి. కెన్యా మొత్తానికి మొదటిదాన్ని పెద్ద వాన అంటారు, రెండోదాన్ని చిన్న వాన అంటారు. మకువేని రైతు నమ్ముకునేది మాత్రం చిన్న వానను. అక్కడ మార్చి వాన మోసం చేసినంత తరచుగా నవంబరు వాన మోసం చేయదు. ఒక్కో సీజన్లో పైరుకు పనికొచ్చే పదును రెండు నెలలు ఉంటే ఎక్కువ. మన ఖరీఫ్ లాగా జూన్‌లో విత్తి, జులైలో బెట్ట వచ్చినా సెప్టెంబరు వాన ఆదుకుంటుందిలే అనే ఆశకు అక్కడ చోటు లేదు. అదను తప్పితే ఆ పంట పోయినట్టే. అందుకే చాలామంది అక్టోబరులో మబ్బు కనబడకముందే పొడి దుక్కిలో గింజ వేసేస్తారు. తొలి వాన చిన్న జల్లుగా పడి ఆగిపోతే ఆ గింజ మొలకెత్తి మాడిపోతుంది, రెండోసారి విత్తనం కొనాలి. మీ ప్రాజెక్టు బడ్జెట్‌లో విత్తనం పద్దు ఉంటే రెండోసారి విత్తడానికి కూడా కొంత పెట్టించండి.

మనకు ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కడం, అంటే గుండెల్లో రాయి పడుతుంది. అక్కడ లెక్క తిరగబడుతుంది. ఎల్ నినో ఏడాదిలో, హిందూ మహాసముద్రం పడమటి వైపు నీళ్ళు వేడెక్కిన ఏడాదిలో చిన్న వానలు విరగబడి కురుస్తాయి. 1997లో, 2019లో, 2023లో వాగులు పొంగి రోడ్లు కొట్టుకుపోయాయి. పసిఫిక్ చల్లబడే లా నినా వస్తే ఎండబెడుతుంది. 2020 చివరినుంచి 2022 దాకా తూర్పు ఆఫ్రికాలో వరసగా ఐదు సీజన్లు దెబ్బతిన్నాయి. ఉద్యోగంలో చేరే ఏడాది సముద్రం ఎలా ఉందో చూసుకుని వెళ్ళడం తెలివైన పని.

ఇక జనం. 2019 జనాభా లెక్కల్లో 9,87,653 మంది. దాదాపు అందరూ కాంబా జాతివాళ్ళు, ఇంట్లో కికాంబా మాట్లాడతారు, బయట స్వాహిలి, ఆఫీసులో ఇంగ్లీషు. చర్చి బలంగా ఉంటుంది, ఆదివారం మీటింగు పెట్టకండి. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవరు. మగవాళ్ళను 'మ్జే' అంటారు, ఆడవాళ్ళను పిల్లల పేరుతో 'మామా ముటువా' అన్నట్టు పిలుస్తారు. చాలా ఇళ్ళలో మగవాళ్ళు నైరోబీలోనో మొంబాసాలోనో పనిచేస్తూ ఫోన్‌లో డబ్బు పంపే ఎం-పెసా ద్వారా ఇంటికి పంపుతుంటారు. సేద్యం, నీళ్ళు, మేకలు, సంఘాల పని ఇవన్నీ ఆడవాళ్ళ చేతిమీద నడుస్తాయి. భూమి మాత్రం ఎక్కువగా మగవాళ్ళ పేరనే ఉంటుంది. ఈ రెండూ గుర్తుంచుకోకపోతే మీటింగులో ఆడవాళ్ళు ఒప్పుకున్న చెరువు పని, పట్టా ఉన్న కొడుకు నైరోబీనుంచి ఫోన్ చేసి వద్దనేసరికి ఆగిపోతుంది.

ఊరంతా కలిసి ఒకరి పొలంలో పనిచేసి, మరోరోజు ఇంకొకరి పొలానికి వెళ్ళే పద్ధతి అక్కడ పాతది. దాన్ని 'మ్వేత్యా' అంటారు. కొండవాలు పొలాల్లో మీకు కనిపించే మెట్లలో చాలావరకు ఇలా కట్టినవే. 1930లలో ఆ నేలలు కోసుకుపోయి గుల్లయ్యాయి. పశువులు ఎక్కువయ్యాయంటూ బ్రిటిష్ సర్కారు వాటిని బలవంతంగా అమ్మించబోతే 1938లో ముయిండి మ్బింగు నాయకత్వంలో వేలమంది నైరోబీకి నడిచివెళ్ళి నిరసన తెలిపారు. బలవంతపు గట్లపనిని అసహ్యించుకున్న అదే జనం, స్వాతంత్ర్యం తర్వాత తమ పొలాల్లో తామే మెట్లు కట్టుకున్నారు. పద్ధతి తేలిక: సమతల రేఖ మీద రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కాలువ తవ్వి, ఆ మట్టిని ఎగువకు విసిరి గట్టు వేస్తారు. గట్టుమీద నేపియర్ గడ్డి నాటుతారు, పశువులకు మేతా అవుతుంది. నాలుగైదేళ్ళలో ఎగువ మట్టి గట్టుకు చేరి పొలం దానంతటదే చదునవుతుంది. మన కాంటూరు కందకంలో మట్టి దిగువకు వేస్తాం కాబట్టి మొదట చూసినప్పుడు తిరకాసుగా అనిపిస్తుంది. వాళ్ళ గట్టును మార్చమని చెప్పకండి. ఎగువకు మట్టి ఎత్తిపోయడం కష్టమైన పని, కానీ చదును త్వరగా వస్తుంది.

మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇసుక వాగుల సంగతి. తూర్పున కిటుయితో హద్దుగా పారే అథి నది తప్ప పెద్ద జీవనది లేదు. కైటి, త్వాకే లాంటివి వానకు నాలుగు రోజులు పారి ఎండిపోయే వాగులు. అథి, త్వాకే కలిసేచోట 68.8 కోట్ల ఘనపు మీటర్ల పెద్ద డ్యామ్ కడుతున్నారు, కానీ ఊళ్ళు బతికేది వాగు ఇసుకలో దాగిన నీళ్ళమీద. వాగులో చెలమ తవ్వి నీళ్ళు తోడుకోవడం అనంతపురం మనిషికి చెప్పక్కర్లేదు. అక్కడ చేసే పనల్లా ఆ చెలమను పెద్దది చేయడం: వాగుకు అడ్డంగా రాతి మీద గోడ కడితే, వరద తెచ్చిన ఇసుక దాని వెనక నిండుతుంది, ఆ ఇసుక సందుల్లో నీళ్ళు నిలుస్తాయి. రెండు మూడు అడుగుల లోతుకు దిగాక ఎండ ఆ నీటిని ముట్టదు. దోమలు గుడ్లు పెట్టలేవు.

లెక్క చూడండి. గోడ ఎత్తు 3 మీటర్లు, వాగు వెడల్పు 20, వాలు నూటికి ఒకటి అనుకుంటే ఇసుక 300 మీటర్ల వెనక్కి నిండుతుంది. మొత్తం 9,000 ఘనపు మీటర్ల ఇసుక. ముతక ఇసుకలోంచి పాతిక శాతం నీళ్ళు తీయగలమనుకుంటే 22.5 లక్షల లీటర్లు. నాలుగు నెలల ఎండకు పంచితే రోజుకు సుమారు 18,700 లీటర్లు, ఇంటికి ఏడెనిమిది ఇరవై లీటర్ల జెర్రీక్యాన్ల చొప్పున 125 ఇళ్ళకు సరిపోతుంది. వాగు గట్లు వాలుగా ఉంటాయి కాబట్టి కొంత తగ్గించుకోండి. గట్ల మట్టిలో ఇంకి మెల్లగా తిరిగొచ్చే నీళ్ళు కొంత కలుపుకోండి. ఈ లెక్క అంతా ఆ పాతిక శాతం మీద నిలబడింది. సన్న ఇసుకైతే సగం రావు, ఒండ్రు అయితే ఐదు శాతం రావడమే కష్టం.

కాబట్టి గోడ సంగతి తర్వాత, ముందు ఇసుక. ఇరవై లీటర్ల బకెట్‌కు అడుగున చిన్న బెజ్జం చేసి బిరడా పెట్టండి. వాగులో ఒక అడుగు కింద తీసి ఆరబెట్టిన ఇసుకతో అంచుదాకా నింపండి. నీళ్ళు కొలిచి మెల్లగా పోస్తూ, పైన తడి మెరిసేదాకా పోయండి. తర్వాత బిరడా తీసి, గంటసేపట్లో కిందికి కారిన నీళ్ళు కొలవండి. ఐదు లీటర్లు కారితే మంచి చోటు. రెండు కూడా రాకపోతే గోడ కట్టొద్దు, ఎవరు ఒత్తిడి చేసినా సరే. ఎగువన నల్లరేగడి నేలలు ఉంటే ఒండ్రే వస్తుంది. గ్రానైటు, నైసు రాళ్ళున్న కొండలనుంచి వచ్చే వాగులే నమ్మకం.

చోటు ఎంచేటప్పుడు ఇనుప కడ్డీ దిగ్గొట్టి వాగు అడ్డం మొత్తం రాయి ఎంత లోతులో ఉందో చూడాలి. మధ్యలో ఒక్క చోట రాయి అందకపోయినా నీళ్ళు అక్కడినుంచే జారుకుంటాయి. ఒడ్డున మన మేడికి దగ్గరి చుట్టమైన ముకుయు చెట్లు పచ్చగా ఉంటే కింద తడి ఉన్నట్టు. ఒడ్డు రాళ్ళను పశువులు నాకుతుంటే అక్కడ ఉప్పు ఉందని అర్థం, ఆ నీళ్ళు తాగలేరు. వాగు మలుపులో కట్టకూడదు.

గోడలు కూలేది ఎక్కువగా పక్కనుంచి. ఒడ్డులోకి దిగే రెక్క గోడలు పొట్టిగా ఉంటే వరద పక్కకు తిరిగి మట్టిని కోసుకుని కొత్త దారి చేసుకుంటుంది, గోడ వాగు మధ్యలో ఒంటరిగా మిగులుతుంది. రెక్కలు గట్టి మట్టి తగిలేదాకా, అవసరమైతే ఇంకో నాలుగైదు మీటర్లు లోపలికి పోవాలి. గోడ నడుమ భాగం రెక్కలకంటే తక్కువ ఎత్తులో ఉండాలి, వరద నడుమనుంచే పారాలి. రెండో తప్పు పునాది రాయిని శుభ్రంగా కడగకుండా సిమెంటు పోయడం. రాయికి బెజ్జాలు వేసి 12 మిల్లీమీటర్ల కడ్డీలు దింపి, ఒకటికి మూడు పాళ్ళ మాలుతో మొదటి వరస పడాలి. మూడోది తడపకపోవడం. ఆ ఎండకు కనీసం మూడు వారాలు గోనెసంచులు కప్పి తడపాలి. నీళ్ళకోసం కట్టే గోడకు తడపడానికి నీళ్ళు లేవని వదిలేసిన చోట్ల పగుళ్ళు కనిపిస్తాయి. సిమెంటుతోపాటు నీళ్ళ ట్యాంకరు ఖర్చు కూడా అంచనాలో రాయండి.

నిండిన తర్వాత నీళ్ళు తోడటం చెలమలోంచి కాదు, ఒడ్డున బావి తీసి చేతిపంపు బిగించాలి. చెలమలోకి పశువులు దిగితే నీళ్ళు పాడవుతాయి. కట్టేముందు జలవనరుల అథారిటీ, పర్యావరణ అథారిటీ అనుమతులు కావాలి. దానికంటే ముఖ్యం, రెండు ఒడ్ల భూయజమానులతో నీళ్ళ దారికి రాతపూర్వక ఒప్పందం.

ఇదే ఇసుకకు ఇంకో గిరాకీ ఉంది: నైరోబీ భవనాలు. రాత్రిపూట లారీలు ఎత్తుకుపోతే కట్టిన గోడ వెనక నీళ్ళు ఉండవు. కౌంటీ 2015లో ఇసుక పరిరక్షణ చట్టం చేసి ప్రత్యేక అథారిటీ పెట్టింది. మన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అమలు ఎలా సాగిందో చూసినవాళ్ళకు కాగితం ఒక్కటే చాలదని తెలుసు. అక్కడ కాపలా ఊరి కమిటీలదే, అందుకే కమిటీ లేని వాగులో కట్టొద్దు.

ఆదాయం విషయానికొస్తే మనకు నేరుగా సంబంధమున్నది కందులు. తూర్పు ఆఫ్రికా కందులకు పెద్ద గిరాకీ ఇండియానే. పటాన్‌చెరు ఇక్రిశాట్ చాలా ఏళ్ళుగా మకువేనిలోని కిబోకో పరిశోధనా కేంద్రంలో కంది రకాల పరీక్షలు చేస్తోంది. దీర్ఘకాలిక కందిని అక్టోబరు–నవంబరులో మొక్కజొన్న సాళ్ళ మధ్య వేస్తారు. ఫిబ్రవరిలో మొక్కజొన్న కోసుకున్నాక కంది మార్చి–మే వానను కూడా తాగి ఆగస్టు ప్రాంతంలో కోతకు వస్తుంది. మన పంట మార్కెట్‌కు రాకముందే అది ఇక్కడికి చేరుతుంది, అదే దాని విలువ. అదే దాని ప్రమాదం కూడా. 2017 ఆగస్టులో ఇండియా కందుల దిగుమతికి ఏడాదికి రెండు లక్షల టన్నుల పరిమితి పెట్టగానే తూర్పు ఆఫ్రికా అంతటా ధర కుప్పకూలింది. 2021 మేలో ఆంక్ష ఎత్తేశారు. ఢిల్లీలో వచ్చే ఒక నోటిఫికేషను మకువేని రైతు పిల్లల ఫీజును తేల్చేస్తుంది. ఆ రైతులకు మీరు సాయంత్రం ఫోన్‌లో చూసి చెప్పే ఇండియా కంది ధర, మీరు రాసే పది రిపోర్టులకంటే విలువైనది. పెసలు అరవై డెబ్బై రోజుల్లో వచ్చేస్తాయి, నగదు పంట. దళారీలు కోత సమయానికి వచ్చి కొంటారు కాబట్టి సంఘంగా నిల్వచేసి నెలన్నర ఆగి అమ్మినవాళ్ళకు లాభం ఎక్కువ.

మామిడి కోత డిసెంబరు నుంచి మార్చి వరకు. ఆపిల్ అనే గుండ్రటి రకం, టామీ అట్కిన్స్, కెంట్ ఎక్కువ. ఆసియానుంచి వచ్చిన పండు ఈగ 2003లో కెన్యాలో కనబడింది. ఆ ఈగ దెబ్బకు 2014లో కెన్యాయే యూరప్‌కు మామిడి పంపడం కొన్నేళ్ళు ఆపుకుంది. కౌంటీ కలాంబాలో గుజ్జు ఫ్యాక్టరీ పెట్టింది. ఈగను పట్టే ఎరబుట్టలు కట్టినా రాలిన కాయలు ఏరి రెండడుగుల లోతున పూడ్చకపోతే ఫలితం ఉండదు. పక్కతోటవాడు చేయకపోయినా ఉండదు. ఇది ఒక్క రైతుకు చెప్పే సలహా కాదు, లోయ మొత్తానికి చెప్పాలి.

మొక్కజొన్న గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 2004లో బూజువిషం, అంటే అఫ్లటాక్సిన్, ఎక్కువగా మకువేని, కిటుయి ప్రాంతాల్లో 317 మందిని జబ్బుపాలు చేసింది, 125 మంది చనిపోయారు. కోతవేళ వాన తగిలిన మొక్కజొన్నను తడితోనే ఇళ్ళలో నిల్వ చేశారు. ఉడికిస్తే ఆ విషం పోదు. పొట్టు దంచి చేసే ముతోకోయి అన్నంలో కొంత తగ్గుతుంది, పూర్తిగా కాదు. కంకులు నేలమీద కాకుండా టార్పాలిన్ పట్టామీద ఆరబెట్టించండి. తేమ 13 శాతానికి దిగాలి. మీటరు లేకపోతే ఎండిన గాజు సీసాలో పొడి ఉప్పు, గుప్పెడు గింజలు వేసి ఊపి పావుగంట ఉంచండి. ఉప్పు సీసాకు అంటుకుంటే తేమ 15 దాటింది. అంటకపోయినా ఇంకో ఎండ తగలనిచ్చి, గాలి చొరని సంచుల్లో కట్టాలి. పూతకు రెండు మూడు వారాల ముందు ఎకరాకు నాలుగు కిలోల అఫ్లసేఫ్ (ఆ బూజును అణిచే మందు) చల్లడం కూడా అక్కడ దొరికే దారి.

పాలన మన జిల్లాలా ఉండదు. 2013నుంచి నడుస్తున్న 47 కౌంటీల్లో ఇదొకటి. ఎన్నికైన గవర్నరు, సొంత అసెంబ్లీ, ఆసుపత్రులు, వ్యవసాయం కౌంటీ చేతిలో. మొదటి గవర్నరు కివుతా కిబ్వానా హయాంలో ఊరి స్థాయినుంచి బడ్జెట్ చర్చలు జరిపి పేరు తెచ్చుకుంది. ఇంటికి ఏడాదికి 500 షిల్లింగులతో వైద్యం అందించే పథకం 2016లో మొదలుపెట్టింది. దీనికి సమాంతరంగా చీఫ్, అసిస్టెంట్ చీఫ్ కేంద్ర ప్రభుత్వ మనుషులు. ఇద్దరినీ కలవకుండా ఊళ్ళో పని మొదలుపెట్టకండి.

ప్రయాణానికి నైరోబీ–మొంబాసా రహదారి, 2017లో మొదలైన కొత్త రైలు ఉన్నాయి. రైలు ఎమాలి, కిబ్వేజి, మ్టిటో ఆండేయిల్లో ఆగుతుంది. దారిలో మకిండు దగ్గర పాత రైల్వే కాలంలో 1926లో కట్టిన సిక్కు గురుద్వారాలో ఎవరికైనా భోజనం పెడతారు, పడుకోవడానికి చోటు ఇస్తారు. పచ్చజ్వరం టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోండి, ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు ఆ కార్డు అడుగుతారు. ఉద్యోగానికి ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి చాలదు, వర్క్ పర్మిట్ యజమానే తీయాలి.

వీలైతే సెప్టెంబరులో చేరండి. వాగులు ఎండి రాయి కనబడుతుంటుంది, రైతులు దుక్కిలో ఉంటారు. చేరేముందు జాతీయ కరువు నిర్వహణ అథారిటీ మకువేనికి ప్రతినెలా వేసే బులెటిన్లు గత రెండేళ్ళవి తెప్పించి చదవండి. వాటిలో రెండు అంకెలు పట్టుకోండి: నీళ్ళకోసం ఇంటినుంచి నడిచే దూరం, ఒక మేకను అమ్మితే ఎన్ని కిలోల మొక్కజొన్న వస్తుందన్నది. రెండోది నెలనెలా పడిపోతుంటే, పొలంలో పైరు ఇంకా పచ్చగానే ఉన్నా, ఆ ఊళ్ళో కరువు మొదలైపోయింది.